ఏడో నంబరు తూముకు సిమెంటు

రెండు వేల సంవత్సరం ఏప్రిల్ ఇరవయ్యో తేదీన ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు కట్టేశారు. తిరిగి జూన్ పన్నెండున విడుస్తామని ప్రకటించారు. మధ్యలో యాభై మూడు రోజులు. డెల్టాలో కాలువ అడుగున తాపీపని ఏది చెయ్యాలన్నా ఏడాది మొత్తంలో దొరికే వ్యవధి అదొక్కటే. ఆ వ్యవధిలో మా ఊరి ఏడో నంబరు తూము కట్టించవలసిన బాధ్యత నామీద ఉంది. నూట యాభై బస్తాల సిమెంటు పట్టే పని. ఇసుక గోదావరి ఇస్తుంది, కంకర మెట్ట నుంచి లారీలో వస్తుంది, పనివాళ్లు ఊళ్లోనే ఉన్నారు. సిమెంటు దుకాణం లేని పట్టణమే లేని కాలంలో, ఆ నూట యాభై బస్తాల కోసం నేను ఏడు నెలలు తిరిగాను. ఎందుకు తిరగవలసి వచ్చిందో వరుసగా చెబుతాను. తప్పు ఏ ఒక్కరిదీ కాదు గనుక, వరుస తప్పితే అర్థం కాదు.

నా పేరు మాణిక్యాంబ. రాజమండ్రిలో ఆడపిల్లల కళాశాలలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు అర్థశాస్త్రం చెప్పి, పదవీ విరమణ చేసి, రామచంద్రపురానికి ఐదు మైళ్ల దూరంలో ఉన్న మా ఊరు వచ్చేశాను. తొంభై ఏడులో కాలువల నిర్వహణను రైతుల సంఘాలకు అప్పగించినప్పుడు, ఊళ్లోని రెండు వర్గాలూ ఒకరి మనిషిని ఒకరు ఒప్పుకోక, ఇద్దరికీ అక్కరకురాని మనిషిగా నన్ను నీటి సంఘానికి అధ్యక్షురాలిని చేశాయి.

ఏడో నంబరు తూము తొంభై ఆరు తుఫానుకు పగిలింది. అప్పటి నుంచి నీరు దాని పక్కనుంచి మురుగుకాలువలోకి జారిపోతోంది. దిగువనున్న నూట నలభై ఎకరాలకు మూడు సార్వాలు, అంటే మూడేళ్ల తొలకరి వరిపంటలు, లేవు. ఆ దిగువలో నాలుగెకరాలు వెంకన్న కౌలుకు చేస్తాడు. భూమి ఆంజనేయరాజుగారిది. భీమవరం వైపు నుంచి వచ్చి మా ఊళ్లో పొలాలు కొన్న కుటుంబం. ఆ నాలుగెకరాలకు రెండు వైపులా ఆయన చేపల చెరువులే ఉన్నాయి. వెంకన్న తండ్రి కూడా ఆ పొలమే చేశాడన్న మొగమాటంతో ఆయన మూడేళ్లు ఆగారు.

"ఈ సార్వాకు నీళ్లొస్తే వెంకన్నే చేసుకుంటాడండి మేడంగారు. రాకపోతే మాత్రం నేను చెరువు తవ్వించుకుంటాను. ఇంకో ఏడాది ఎండబెట్టుకోమని నాకు చెప్పకండి," అన్నారు ఆయన, తూముకు అనుమతి వచ్చిన రోజున.

నేను చెప్పలేదు. చెప్పడానికి న్యాయం కూడా లేదు.

మొదటి కారణం ఒక నిబంధన. ప్రభుత్వ సొమ్ముతో జరిగే కాలువ పనికి ప్రభుత్వ కర్మాగారపు సిమెంటే వాడాలి. పుట్టినప్పుడు దానికి అర్థం ఉంది. అప్పట్లో సిమెంటు ధరను, ఎవరికి ఎన్ని బస్తాలన్నదాన్ని సర్కారే నిర్ణయించేది. ధర తక్కువ పెట్టింది గనుక కొత్త కర్మాగారాలు కట్టేవారు లేకపోయారు. కట్టేవారు లేరు గనుక సరుకు కరవైంది. కరవైంది గనుక పర్మిట్టు వచ్చింది. పర్మిట్టు వెంట దాన్ని అమ్ముకునేవాడు వచ్చాడు. ఆ గందరగోళంలో తన పనులు ఆగిపోకుండా ప్రభుత్వం తన కర్మాగారాన్ని తన పనులకు కట్టిపెట్టుకుంది. ఎనభై తొమ్మిదిలో నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. కరవు పోయింది, పర్మిట్టు పోయింది, దాన్ని అమ్ముకునేవాడు వేరే వ్యాపారం చూసుకున్నాడు. నిబంధన మాత్రం ఉండిపోయింది. దాన్ని తీసెయ్యడం ఎవరి ఉద్యోగమూ కాదు.

నేను నవంబరులోనే ఆ కర్మాగారానికి ఇండెంటు పంపాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. డిసెంబరు వచ్చేసరికి నాకు పాత భయం పట్టుకుంది. డెబ్భై నాలుగులో ఇంటి శ్లాబుకు నలభై బస్తాల పర్మిట్టు కోసం పదకొండు నెలలు ఆఫీసు బెంచీల మీద కూర్చున్న మనిషిని. సిమెంటు కనిపించినప్పుడు కొనెయ్యాలన్న బుద్ధి ఆ బెంచీల మీదే ఒంటబట్టింది. రామచంద్రపురంలో అప్పాజీ దుకాణానికి వెళ్లి, ముందు జాగ్రత్తగా, నా సొంతానికి, నూట యాభై బస్తాలు కావాలన్నాను.

అప్పాజీ నవ్వాడు. వాళ్ల నాన్న పర్మిట్ల కాలంలో స్టాకిస్టు. గల్లాపెట్టె వెనక నుంచి కలెక్టరు లాగా మాట్లాడేవాడు. కొడుకు స్టూలు తెచ్చి వేసి, మజ్జిగ ఇప్పించి మాట్లాడతాడు. నియంత్రణ ఎత్తేసినందుకు ప్రజలకు కలిగిన ప్రత్యక్ష ప్రయోజనం అది.

"పని ఎప్పుడండి?"

"మేలో."

"మే పనికి డిసెంబర్లో సిమెంటేంటండి మేడంగారు? ఇప్పుడు సిమెంటంటే పెరుగులాంటిదండి. ఏ రోజుకారోజు తెచ్చుకోవాలి. మేలో ఓ ఫోను కొట్టండి, లారీ మీ గుమ్మంలో ఉంటాది."

"మేలో దొరక్కపోతే?"

"దొరక్కపోవడమేంటండి! ఆరు కంపెనీలవాళ్లు రోజూ వచ్చి నా కాళ్లకడ్డం పడుతున్నారు. నిలవ చేస్తే గడ్డ కట్టేత్తాదండి, నా మాట వినండి."

వినలేదు. నియంత్రణ వల్ల ప్రజల్లో నిలవచేసే అలవాటు ఎలా పెరుగుతుందో, అది కరవును ఎలా పెంచుతుందో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పిల్లలకు బల్ల గుద్ది చెప్పినదాన్ని నేనే.

బస్తాలను మా ధాన్యం కొట్టులో వేయించాను. వెంకన్న దగ్గరుండి పేర్పించాడు. ధాన్యానికి చేసినట్టే నేలమీద జానెడు మందాన ఊక పరిచి, గోడకు ఆనించి, ఒక్క బస్తా వంకర లేకుండా నెట్టు కట్టాడు. "వందేళ్లున్నా కదలవండి అమ్మగారండి," అన్నాడు. కదలలేదు కూడా.

ఫిబ్రవరిలో మా సెక్షను ఇంజనీరు ఉదయభాస్కర్‌ను కలిశాను. ముప్ఫై ఏళ్లవాడు, చేతివ్రాత ముత్యాల్లా ఉంటుంది, మనిషి మంచివాడు. ప్రభుత్వ కర్మాగారం జవాబే ఇవ్వడం లేదని చెప్పాను.

"అయితే బయట కొనుక్కోవచ్చండి మేడంగారు," అన్నాడు.

"మంచిది."

"వాళ్ల దగ్గర లేదని సర్టిఫికెట్ ఉండాలండి. నాన్-అవైలబిలిటీ."

"జవాబే ఇవ్వనివాళ్లు సర్టిఫికెట్ ఇస్తారా నాయనా?"

"జవాబు రాలేదంటే లేదని అర్థం కాదు కదండి. రాలేదని మాత్రమే అర్థం." ఈ మాట అతను ఎగతాళికి అనలేదు. ఆడిట్‌వాళ్లు అడిగే ప్రశ్న ముందుగా తానే అడిగాడు.

ఏప్రిల్లో, కాలువలు కట్టేసిన నాలుగో రోజున, స్వయంగా బయల్దేరాను. కృష్ణ దాటి సున్నపురాయి నేలల్లో ఎక్కడో ఉంది ఆ కర్మాగారం. మూడు బస్సులు మారాను. నేను గేటు దాటుతుండగా షిఫ్టు సైరను మోగింది. మనుషులు లోపలికి వెళ్లారు, వేరే మనుషులు బయటికి వచ్చారు. ఎవరి బట్టలకూ ధూళి లేదు. కొలిమి ఆరిపోయి పద్నాలుగు నెలలైందట.

మేనేజరుగారు రెండు సార్లు టీ ఇప్పించారు. కర్మాగారాన్ని ప్రభుత్వం అమ్మకానికి పెట్టిందని, కొనేవాళ్లు వచ్చి చూసుకుంటున్నారని చెప్పారు. ఎందుకు ఆగిపోయిందని అడిగితే దాచుకోలేదు.

"మాది తడి పద్ధతండి. రాయి నూరి, నీళ్లు కలిపి, బురద చేసి కాలుస్తాం. ఆ నీళ్లు ఇగరడానికే సగం బొగ్గు పోతుంది. కొత్త ఫ్యాక్టరీలు పొడిగానే కాల్చేస్తాయి. కంట్రోలు రోజుల్లో ఎంత ఖర్చయినా ఆ లెక్క మీదే ధర కట్టేవాళ్లు గనక బొగ్గు మిగిల్చినవాడికి లాభం లేదు, తగలేసినవాడికి నష్టం లేదు. మెషీను మార్చుకుందామని మేం రాసినప్పుడల్లా డబ్బు లేదన్నారు. తరవాత ఒక్కసారిగా తలుపులు తీసి, పోయి పోటీ పడండి అన్నారు."

నేను నా సిద్ధాంత వ్యాసంలో నూట ఎనభై పేజీల్లో చెప్పినదాన్ని ఆయన ఒక టీ పూర్తయ్యేలోగా చెప్పారు. గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే అడిగాను.

"ఇప్పుడు సిమెంటు ఉందా అండి?"

"ఒక్క బస్తా కూడా లేదండి."

"అయితే లేదని ఒక కాగితం రాసివ్వండి. బయట కొనుక్కుంటాను."

"అది మాత్రం వీలుపడదండి."

"ఎందుకని?"

"లేదని రాసిస్తే ఫ్యాక్టరీ నడవడం లేదని మేమే ఒప్పుకున్నట్టవుతుంది కదండి. రేపు కొనేవాడు ఆ కాగితం బల్లమీద పెట్టి రేటు తగ్గించమంటాడు. సరఫరా లేదని ఎవరికీ రాతపూర్వకంగా ఇవ్వొద్దని పైనుంచి ఆర్డరుంది."

"పోనీ ఉందని రాసివ్వండి."

ఆయన నొచ్చుకున్నారు. "ఉందని రాస్తే మీరు లారీ తెస్తారు కదండి మేడం."

తిరుగు ప్రయాణంలో మూడు బస్సుల్లోనూ నాకు కూర్చోవడానికి చోటు దొరికింది. ఆ ప్రయాణం మొత్తం మీద ప్రభుత్వరంగం వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

మే పదకొండున కర్మాగారం అమ్ముడుపోయిందని పేపర్లో చదివి, నిజంగా సంతోషించాను. ప్రైవేటువాడికి కాగితాన్ని దాచుకోవలసిన అవసరం లేదు. సెంటరులో ఎస్టీడీ బూతుకు వెళ్లి కొత్త యాజమాన్యానికి ఫోను చేశాను. ఫోను రెండోసారి మోగగానే ఎత్తారు.

"గుడ్ మార్నింగ్ మేడం, సందీప్‌ని మాట్లాడుతున్నాను."

విషయం చెప్పాను. చక్కగా విన్నాడు, తిరిగి నాకే చెప్పి సరిచూసుకున్నాడు కూడా.

"మీ రూలులో ఏముంది మేడం? ప్రభుత్వ కర్మాగారం సర్టిఫికెట్ అని కదా? మాది ప్రైవేటు కంపెనీ అండి. ప్రభుత్వ కర్మాగారం తరఫున మేమెలా ఇస్తాం?"

"మరి ఆ ప్రభుత్వ కర్మాగారం ఎక్కడుంది?"

"ఇప్పుడు లేదండి."

"ఆ ముక్కే రాసివ్వు బాబూ."

"లేనిది లేదని చెప్పడానికి మాకు అథారిటీ లేదు మేడం. పాత ఇండెంట్లన్నీ క్యాన్సిల్ చేశాం. సిమెంటు కావాలంటే మీ దగ్గర్లోని డీలరును కాంటాక్ట్ చెయ్యండి. హ్యావ్ ఎ నైస్ డే మేడం."

పాతాయన రెండు గంటలు కూర్చోబెట్టి ఇవ్వనన్నారు. ఇతను మూడు నిమిషాల్లో ఇవ్వనన్నాడు. ప్రైవేటీకరణ వల్ల సామర్థ్యం పెరిగిన మాట కాదనలేం.

ఇంక ముప్ఫై రోజులే ఉన్నాయి. ఉదయభాస్కర్ మా అరుగుమీద కూర్చుని నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి తలెత్తాడు.

"మేడంగారూ, పనిలో రైతుల వాటా నూటికి పదిహేను వంతులుందండి. శ్రమగా ఇవ్వొచ్చు, మెటీరియల్‌గా ఇవ్వొచ్చు. కొనే సిమెంటుకే సోర్సు రూలండి. రైతులు ఇచ్చేదానికి సోర్సు గురించి ఏమీ లేదు. ఐఎస్ఐ గుర్తుంటే చాలు."

"ఎంత వస్తుంది ఆ వాటాలో?"

"సిమెంటు మొత్తం ఇమిడిపోతుందండి."

ఆ పుస్తకం నవంబరు నుంచీ అతని బల్లమీదే ఉంది. నేనూ అడగలేదు, అతనూ తెరవలేదు. ఇద్దరం కాగితం తెప్పించడం మీదే పడ్డాం. అయినా ఆ మధ్యాహ్నం నా గొంతులో గర్వం ఉండే ఉంటుంది. "సిమెంటు సిద్ధంగా ఉంది. కొట్టులో నూట యాభై బస్తాలు," అన్నాను.

కాంక్రీటు మోసే ఆడవాళ్ల జట్టుకు పెద్ద చిట్టెమ్మ. మర్నాడు పొద్దున్నే జట్టుతో వచ్చి కొట్టు తెరిచింది. మొదటి బస్తాను ఇద్దరు పట్టి కిందికి దించారు. నేలను తాకినప్పుడు వచ్చిన చప్పుడు బస్తా చప్పుడు కాదు.

చిట్టెమ్మ పలుగు మొనతో బస్తాను పొడిచింది. మొన దిగలేదు.

"ఇది తూముకాండి అమ్మగారండి, గోడకాండి? గోడకైతే ఇలాగే పేర్చేసుకోవచ్చు. తాపీ మేస్త్రీ కూడా అక్కర్లేదు," అంది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏప్రిల్ చివర వానల్లో ఎగువ రైతుల రెండో పంట, దాళ్వా ధాన్యం తడిసింది. కళ్లంలో మొలకెత్తుతుందేమోనని అదే కొట్టులో మిగిలిన సగంలో వేసుకోమన్నది నేనే. పచ్చి ధాన్యం వేడెక్కి ఆవిరి వదిలింది. తలుపులు బిగించిన కొట్టులో ఆ ఆవిరి పోవడానికి దారిలేక సిమెంటులోకి పోయింది. కింద ఊక తేమ తాగి మెత్తటి పరుపులా తయారైంది. ధాన్యాన్ని కాపాడే పద్ధతులన్నీ తు.చ. తప్పకుండా పాటించి, తొంభై మూడు బస్తాల సిమెంటును రాళ్లు చేశాం. మిగిలిన యాభై ఏడు పైవరసల్లోవి. వాటినీ జల్లించి, మెత్తని పొడి మాత్రం అడుగున వేసే పరుపుకు వాడుకోమని ఉదయభాస్కర్ ఒప్పుకున్నాడు. "ఇలాంటి సిమెంటుకు బలం తక్కువండి, ఆరడానికి పూర్తిగా టైమివ్వాలి," అని మాత్రం రెండు సార్లు చెప్పాడు.

అప్పాజీకి ఫోను చేశాను. బస్తాకు యాభై రూపాయలు పెరిగిందన్నాడు, అదీ నాలుగు రోజుల తరవాతేనన్నాడు. నేనే వెళ్లాను.

"ఆరు కంపెనీలవాళ్లు నీ కాళ్లకడ్డం పడుతున్నారన్నావు కదయ్యా?"

"అప్పుడు పడ్డారండి. ఇప్పుడు నేను పడుతున్నాను."

"అందరూ ఒకేసారి ఎలా పెంచారు?"

"ఒకే రోజు పెంచారండి. పైగా ప్రొడక్షన్ తగ్గించేశారు. ఒకళ్లనొకళ్లు చూసుకుని చేశారో, ఒకే చోట కూర్చుని టీ తాగుతూ చేశారో మనకు తెలీదు."

"పోటీ ఉంటే ధర తగ్గాలి అప్పాజీ."

"మీరు మా చెల్లికి క్లాసులో చెప్పినప్పుడు తగ్గేదండి," అన్నాడు. తరవాత కొంచెం జాలిపడ్డాడు. "డిసెంబర్లో మీ మాట ప్రకారం కొనడమే రైటయిందండి. పేర్చడమే తప్పయింది."

ఇలా నన్ను సమర్థించినవాడు లోకంలో అతనొక్కడే. సంతోషించడానికి నాకు తీరిక లేదు. దిగువ రైతులు తలా ఐదేసి, పదేసి బస్తాలు తెచ్చారు. రామచంద్రపురంలో కొన్ని, ద్రాక్షారామలో కొన్ని, కాకినాడ నుంచి ఒకాయన బస్సు టాపు మీద మూడు. వెంకన్న ఎనిమిది బస్తాలు సైకిలు మీద నాలుగు విడతల్లో తెచ్చాడు. ఇది జరగడానికి పన్నెండు రోజులు పట్టింది. సర్కారు పంచినప్పుడు ఒక్క వరసలో నిలబడ్డ జనం, బజారు పంచినప్పుడు నలభై దుకాణాల ముందు నిలబడ్డారు.

జూన్ ఆరున కాంక్రీటు పోశారు. చిట్టెమ్మ జట్టు పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎక్కడా ఆపకుండా సాయంత్రం నాలుగింటికి ముగించింది. తూము అందంగా వచ్చింది. ఉదయభాస్కర్ దానిమీద తడి గోనెలు కప్పించి, పద్నాలుగు రోజులు వాటిని తడుపుతూ ఉండాలని, ఇరవయ్యో తేదీ దాకా కాలువ ప్రవాహం దాన్ని తాకకూడదని చెప్పాడు. ఎగువన మట్టితో, ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేయించాడు.

అదే రోజు సాయంత్రం ఆంజనేయరాజుగారు కబురు పంపారు. చెరువు తవ్వే పొక్లెయిన్ పద్దెనిమిదిన వస్తోంది. మర్నాడు అది వేరే ఊరు వెళ్లిపోతుంది, మళ్లీ కార్తీకం దాకా దొరకదు. కనుక పద్దెనిమిదికి తన పొలంలో నీళ్లుంటే సరే, లేకపోతే తవ్విస్తారు.

రెండు రోజుల తేడా. ఏడు నెలల్లో వృథా అయిన రోజుల్లో ఏ రెండు తిరిగి వచ్చినా సరిపోయేది.

పద్నాలుగున కొత్త నీరు మా పిల్లకాలువలోకి వచ్చి అడ్డుకట్టకు ఆనుకుని నిలబడింది. పదిహేనున పొద్దున నేను గోనెలు తడిపించడానికి వెళ్లేసరికి వెంకన్న గునపంతో కట్టమీద ఉన్నాడు. దాన్ని మట్టిలో గుచ్చి దానిమీద బరువు ఆనించి నిలబడ్డాడు. ఇంకా పెకలించలేదు.

"ఏం చేస్తున్నావు వెంకన్నా?"

"నీళ్లండి అమ్మగారండి. ఇక్కడున్నాయి. పొలం అక్కడుంది."

"ఇంకా తొమ్మిది రోజులే అయింది. అడుగు పరుపు కొట్టుకుపోతే మళ్లీ ఏడాది ఆగాలి. నీ ఒక్కడి పొలమే కాదు, నూట నలభై ఎకరాలు."

"నూట నలభై ఎకరాలకీ వచ్చే ఏడు కాలవుంటాదండి. నాకు పొలముండదు." గొంతు పెంచలేదు. "సర్కారోరి రూలంటే ఏడు నెలలు ఆగాం. కంపెనీ ఓనరు మారాడంటే ఆగాం. రేటు పెరిగిందంటే తెచ్చాం. ఇప్పుడు ఈ రూలెవరిదండి?"

"ఇది ఎవరిదీ కాదు. సిమెంటుది."

ఆ మాట చెబుతున్నప్పుడు నాకు నామీదే ఒళ్లు మండింది. మంచి సిమెంటయితే ఏడెనిమిది రోజులకు భరించేదేమో. అడుగున ఉన్నది నా కొట్టులో నా తెలివితేటలతో పాడైన సిమెంటు. ఆ సంగతీ అతనికి చెప్పాను. దాచడానికి వయసు కాదు.

వెంకన్న గునపం మీద నుంచి చేయి తియ్యలేదు. తాపీ సామాను తీసుకుపోవడానికి వచ్చిన చిట్టెమ్మ గట్టుమీద నిలబడి ఇదంతా వింది.

"నీళ్లు తూములోంచే రావాలేంటండి?" అంది.

ఇద్దరం తిరిగి చూశాం.

"నాలుగెకరాల ముచ్చటే కదా. అడ్డుకట్టకి ఎగువన ఆయిలింజను పెట్టి, తూము మీంచి పైపేసేత్తే సరిపోద్ది కదండి. తూము దాని పాటికది పడుకునుంటాది. ఇంత చదూకున్నారు!"

ఊళ్లో ఈ పని చూసే చదువుకున్నవాళ్లం ఇద్దరం అప్పటిదాకా నీటిని తూము అన్న మాట నుంచి విడదీసి ఆలోచించలేదు. ఆ ఇద్దరిలో రెండోవాడు, ఉదయభాస్కర్, పదింటికి వచ్చాడు. విని, తల గోక్కున్నాడు.

"కాలవలో ఇంజను పెట్టాలంటే పర్మిషను ఉండాలండి మేడంగారు."

నేను గట్టుమీద కూర్చుండిపోయాను. "ఎవరిది?"

అతను పుస్తకం తీశాడు, పేజీ తిప్పాడు, మొహం విప్పారింది. "నీటి సంఘం అధ్యక్షురాలిదండి."

"ఇచ్చాను."

"రాతపూర్వకంగా ఇవ్వాలండి."

అతని పుస్తకం అట్ట మీదే కాగితం పెట్టి రాసిచ్చాను. ఏడు నెలల్లో నేను చూసిన అనుమతుల్లో అడిగిన నిమిషానికి చేతికొచ్చినది అదొక్కటే.

మూడు ఇంజన్లు దొరికాయి. పదహారు, పదిహేడు తేదీల్లో అవి ఆగకుండా కొట్టాయి. తూము మీదుగా మూడు పైపులు పోయాయి. గోనెలు కప్పుకుని తూము కింద కదలకుండా ఉంది. పదిహేడు మధ్యాహ్నానికి వెంకన్న పొలంలో చీలమండ లోతున నీళ్లు నిలిచాయి. సాయంత్రం ట్రాక్టరుకు ఇనుపచక్రాలు తగిలించి, ఊడ్పుకు మడిని బురద చేసే దమ్ము మొదలుపెట్టాడు. మే చివర మా బోరు కింద పోసుకున్న నారు అందివచ్చింది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. మా వైపు కౌలు నోటిమాటే. కాగితం ఉండదు, రక్షణ ఉండదు, చట్టం ఎక్కడో ఉంటుంది. కాని సార్వా నీరు పెట్టి మడిలో దమ్ముకు దిగిన కౌలురైతును ఆ పంట ఇంటికి చేరేదాకా ఎవరూ లేపరు. రాజులైనా లేపరు. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ రాయలేదు, ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

పద్దెనిమిది పొద్దున ఎనిమిదింటికి ఆంజనేయరాజుగారు మోటారు సైకిలు మీద, వెనక ట్రెయిలరు మీద పొక్లెయిన్‌తో, పొలాల మధ్య పుంతదారిలో వచ్చారు. పొలం చూశారు. కట్ట చూశారు. పైపులు చూశారు.

"తూము అయిందాండి మేడంగారు?"

"ఇంకా రెండు రోజులుందండి రాజుగారు."

"మరి నీళ్లు?"

"తూము మీంచి వచ్చాయి."

ఆయన హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టారు. "నా పొలం తడిపి, నా మిషనే దిగకుండా చేశారా?"

"చేశామండి. మీరు పద్దెనిమిదికి నీళ్లుండాలన్నారు. తూములోంచి రావాలని అనలేదు."

"మీరు కాలేజీలో చెప్పింది ఎకనామిక్సా, లా నా?" అన్నారు. కోపం ఉంది. పొక్లెయిన్‌వాడికి రానుపోను బాడుగ ఆయనే ఇచ్చుకోవాలి. "సరే, ఈ ఏడు వాడు దమ్ముకు దిగాడు. నేను లేపను. వచ్చే ఏడు మాటేంటండి?"

"వచ్చే ఏడు తూము ఉంటుంది."

"తూము ఉంటుందండి. నాకు కావాల్సింది తూము కాదు. ఫలానా తేదీకి నీళ్లొస్తాయంటే రావాలి. అలా చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ గవర్నమెంటా? ఆ కంపెనీలా? చెరువైతే నా నీళ్లు, నా లెక్క. నేనేం దుర్మార్గుణ్ణి కాదండి మేడంగారు, విసిగిపోయాను."

ఆయన చెప్పినది తప్పని నిరూపించడానికి ఒక్క ఏడాది అనుభవం కూడా నాకు లేదు. విసుగు విషయంలో మాత్రం ఆయనకంటే నేనే ముందున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు గాని, మోటారు సైకిలు స్టాండు వేశారు.

ట్రెయిలరు వెనక్కి తిరగడానికి పుంతదారి చాలదు. డ్రైవరు ముందుకు ఒక గజం, వెనక్కి ఒక గజం తీస్తున్నాడు. దాని వెనక నారుకట్టల బండి, ఆ వెనక ఊడ్పుకు వచ్చిన ఆడవాళ్లు ఆగిపోయారు. వెంకన్న మోకాలి దాకా బురదతో గట్టెక్కి, రెండు చేతులూ కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"రాజుగారండి, మరేం అనుకోకపోతే... ఆ ట్రెయిలరుని కొంచెం మన చెరువు గట్టు మీదకి తీయించండి. నారు వాడిపోతాదండి."

ఆంజనేయరాజుగారు డ్రైవరు వైపు తిరిగి, చెరువు గట్టు మీదకి తియ్యమని చెయ్యి ఊపారు.